మేనల్లుడికి కోర్టు, మేనమామకు చీకటి గది

1995 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్‌లో రంజీ యూసఫ్ దొరికాడు. రెండేళ్ళ క్రితం న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద వ్యాన్‌లో బాంబు పెట్టి ఆరుగురి ప్రాణాలు తీసిన కేసులో ప్రధాన నిందితుడు అతనే. పాకిస్తాన్ వెంటనే అప్పగించింది, విమానం ఎక్కించి న్యూయార్క్ తెచ్చారు, జడ్జి ముందు నిలబెట్టారు. లాయర్‌ను ఇచ్చారు, సాక్షులను పిలిచారు, జూరీ అందరి మాటా వింది. 1998 జనవరిలో శిక్ష పడింది, యావజ్జీవంతో పాటు ఇంకో 240 ఏళ్ళు. ఇప్పటికీ అమెరికా జైల్లోనే ఉన్నాడు.

2003 మార్చి 1న రావల్పిండిలో ఖాలిద్ షేక్ మహమ్మద్ దొరికాడు. ఇస్లామాబాద్, రావల్పిండి అంటే మన హైదరాబాద్, సికింద్రాబాద్ లాగా జంట నగరాలు. ఖాలిద్ రంజీ యూసఫ్‌కు మేనమామ. దాదాపు 3,000 మందిని బలిగొన్న సెప్టెంబర్ 11 దాడుల పథకం వేసింది తనేనని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఇతన్ని మాత్రం అప్పుడు ఏ జడ్జి ముందుకూ తీసుకురాలేదు. మూడున్నరేళ్ళపాటు అతను ఏ దేశంలో, ఏ గదిలో ఉన్నాడో బయటి ప్రపంచంలో ఎవరికీ తెలియనివ్వలేదు. 2006 సెప్టెంబర్‌లో క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో కనిపించాడు. పట్టుకుని 20 ఏళ్ళు దాటిపోయింది, అసలు విచారణ ఈరోజుకీ మొదలే కాలేదు.

ఒకే కుటుంబం, పక్కపక్క ఊళ్ళు, పట్టుకున్న దేశం కూడా ఒకటే. మేనల్లుడికి మూడేళ్ళలో తీర్పు వచ్చింది, మేనమామకు ఒక తరం గడిచినా రాలేదు. ఈ రెండు అరెస్టుల మధ్య ఎనిమిదేళ్ళలో అమెరికా ప్రభుత్వం తీసుకున్న ఒక విధాన నిర్ణయమే దీనికి కారణం. దాని పేరు ఎక్స్‌ట్రాఆర్డినరీ రెండిషన్. ఈ మాట వార్తల్లో చాలాసార్లు వచ్చింది కానీ దాని లోపల ఏముందో విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మాటల చిక్కు విప్పుకోవాలి.

ఒక దేశంలో ఉన్న నిందితుణ్ణి ఇంకో దేశం చట్టప్రకారం అడిగి తీసుకోవడాన్ని అప్పగింత అంటాం. ముంబయి 26/11 కేసులో తహవ్వుర్ రాణా సంగతి గుర్తుందిగా. మన ప్రభుత్వం కోరిన మీదట 2020లో అమెరికాలో అరెస్టు చేశారు. అతను కింది కోర్టు నుంచి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడి ఓడిపోయాక, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో దిగాడు. దాదాపు ఐదేళ్ళు పట్టింది. విసుగు పుట్టించే దారే, కాదనను. కానీ ఆ ఐదేళ్ళలో ఏ రోజైనా అతను ఎక్కడున్నాడు, ఏ కేసులో ఉన్నాడు, లాయర్ ఎవరు అని అడిగితే జవాబు ఉంది.

ఇక ఉత్త రెండిషన్ అంటే, అప్పగింత ఒప్పందాల తతంగం అంతా లేకుండా మనిషిని పట్టుకుని నేరుగా తమ దేశ కోర్టుకు తీసుకురావడం. రంజీ యూసఫ్ విషయంలో జరిగింది దాదాపు ఇదే. నిందితుణ్ణి ఎలా తెచ్చారన్నది అనవసరం, ఇక్కడికి వచ్చాక విచారణ సక్రమంగా జరిగిందా లేదా అన్నదే ముఖ్యం అని అమెరికా కోర్టులు 1886 నుంచీ చెబుతూ వచ్చాయి. దీన్ని తప్పు పట్టేవాళ్ళు ఉన్నారు, నాకూ అభ్యంతరాలున్నాయి, అయినా ఆ ప్రయాణం చివర్లో ఒక కోర్టు గది ఉండేది.

ఎక్స్‌ట్రాఆర్డినరీ రెండిషన్‌లో ఆ చివరి కోర్టు గదిని తీసేశారు, తేడా అంతా అక్కడే ఉంది. మనిషిని ఎక్కడో పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కించి, అయితే థర్డ్ డిగ్రీకి పేరుమోసిన ఏ ఈజిప్టు, సిరియా, జోర్డాన్, మొరాకో జైలుకో పంపడం, లేదంటే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సొంతంగా నడిపిన రహస్య జైళ్ళలో, అంటే బ్లాక్ సైట్లలో పెట్టడం. మొదటి పద్ధతి బుష్ హయాంలో పుట్టింది కాదు, 1995 ప్రాంతంలో క్లింటన్ హయాంలోనే ఈజిప్టుతో మొదలైంది. రెండో పద్ధతికి మాత్రం 2001 సెప్టెంబర్ 17న, జంట భవనాలు కూలిన ఆరో రోజున, బుష్ పెట్టిన సంతకం పునాది. మనుషుల్ని పట్టుకుని నిర్బంధించే అధికారం ఆ రహస్య ఉత్తర్వుతో సీఐఏ చేతికి వచ్చింది. తర్వాత థాయిలాండ్, అఫ్ఘానిస్తాన్, పోలండ్, రుమేనియా, లిథువేనియాల్లో ఆ జైళ్ళు వెలిశాయి.

ఈ రహస్యం అల్‌ఖైదా కోసం అని చాలామంది అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. శత్రువుకు తెలియకూడదు కాబట్టి దాచారు అనిపిస్తుంది. చదువుతూ పోతే నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్ళు దాచింది ముఖ్యంగా జడ్జీల నుంచి.

దీనికి నా దగ్గరున్న గట్టి ఆధారం ఒకటి చెబుతాను. గ్వాంటనామోను ఎంచుకున్నదే అది క్యూబా గడ్డ మీద ఉంది కాబట్టి అమెరికా కోర్టుల చేయి అక్కడికి అందదన్న లెక్కతో. 2003లో సీఐఏ తన రహస్య ఖైదీలను కొందరిని తెచ్చి అక్కడ పెట్టింది. ఈలోగా గ్వాంటనామో ఖైదీలు కూడా కోర్టుకు వెళ్ళవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు చేతికి వచ్చింది. వెళ్ళవచ్చు అని 2004 జూన్‌లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాకముందే, వస్తుందేమోనన్న భయంతోనే, సీఐఏ తన ఖైదీలను మళ్ళీ విమానం ఎక్కించి ఇతర దేశాలకు తరలించేసింది. అల్‌ఖైదాకు భయపడి చేసిన పని కాదు అది. హెబియస్ కార్పస్‌కు భయపడి చేసింది.

హెబియస్ కార్పస్ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు పెద్దగా వివరించక్కర్లేదు. మఫ్టీలో వచ్చి జీపులో ఎక్కించుకుపోయారు, ఏ స్టేషన్‌లో అడిగినా మా దగ్గర లేడంటున్నారు, వెంటనే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయండి. ఈ మాట మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో వినిపించిందో. మనిషిని తెచ్చి చూపించు అని కోర్టు అడగడం, అంతే. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని మన రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేదీ అందుకే. లాకప్‌లో ఏం జరిగినా మొదటి గంటల్లోనే జరుగుతుందని మనకు తెలుసు. అలాంటిది గంటలు కాదు, నెలలు, ఏళ్ళు ఎవరూ అడగకపోతే ఏమవుతుంది? ఖాలెద్ ఎల్‌మస్రీ అనే మనిషికి జరిగింది చదివితే తెలుస్తుంది.

ఎల్‌మస్రీ జర్మన్ పౌరుడు, పుట్టింది లెబనీస్ కుటుంబంలో, ఉండేది ఉల్మ్ దగ్గర, భార్యా పిల్లలున్న మామూలు మనిషి. 2003 డిసెంబర్ 31న నాలుగు రోజులు తిరిగొద్దామని బస్సెక్కి మాసిడోనియా వెళ్తుంటే సరిహద్దులో దింపేశారు. సీఐఏ వెతుకుతున్న ఇంకెవరి పేరో ఇతని పేరుకు దగ్గరగా ఉంది. రాజధాని స్కోప్యేలో ఒక హోటల్ గదిలో 23 రోజులు బంధించారు. హోటల్లో ఎందుకంటే పోలీస్ స్టేషన్‌లో పెడితే రికార్డు రాయాలి. చివర్లో నన్ను బాగా చూసుకున్నారు అని వీడియో ముందు చెప్పించారు. తర్వాత ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళి సీఐఏ బృందానికి అప్పగించారు. వాళ్ళు కొట్టి, బట్టలు కత్తెరలతో కత్తిరించి, డైపర్ తొడిగి, కళ్ళకూ చెవులకూ గంతలు కట్టి, గొలుసులతో బంధించి విమానంలో పడేశారు. ఏ ప్రశ్నా అడగకముందే ఇదంతా! మనిషిని మానసికంగా విరిచేయడం కోసం ఒక పద్ధతి ప్రకారం, ప్రతి ఖైదీకీ ఇలాగే చేసేవారు.

దిగింది కాబూల్ దగ్గర. సాల్ట్ పిట్ అని పిలిచే చీకటి జైలు. అంతకు ఏడాది ముందు, 2002 నవంబర్‌లో, గుల్ రహమాన్ అనే ఖైదీని సగం బట్టలతో కాంక్రీటు నేలకు గొలుసుతో కట్టి వదిలేస్తే చలికి చనిపోయింది అక్కడే. ఎల్‌మస్రీ నాలుగు నెలలు ఉన్నాడు. మధ్యలో నిరాహార దీక్ష చేస్తే ముక్కులో గొట్టం పెట్టి ఎక్కించారు. అతని పాస్‌పోర్టు అసలైనదేనని, పట్టుకున్నది వేరే మనిషిననీ సీఐఏకు తెలిశాక కూడా వెంటనే వదల్లేదు. ఈ భాగం చదివినప్పుడే నాకు చాలా కోపం వచ్చింది. తప్పు జరగడం వేరు, తప్పని తెలిసీ ఈ మనిషిని వదిలితే బయట ఏం చెబుతాడో అని వారాల తరబడి చీకటి గదిలో ఉంచడం వేరు. 2004 మే 28న అల్బేనియాలో ఒక కొండదారిలో దింపి, వెనక్కి చూడకుండా నడువు అన్నారు. వెనక నుంచి కాల్చేస్తారేమో అనుకుంటూ నడిచానని అతను తర్వాత చెప్పాడు. ఇంటికి వెళ్తే ఇల్లు ఖాళీ. భర్త తమను వదిలేశాడనుకుని భార్య పిల్లల్ని తీసుకుని లెబనాన్ వెళ్ళిపోయింది.

మొదట్లో అతను చెప్పింది కట్టుకథ అన్నారు. జర్మనీలో అతని తల వెంట్రుక తీసుకుని ఐసోటోప్ పరీక్ష చేస్తే, ఆ నెలల్లో ఎక్కడి నీళ్ళు తాగాడో, ఎన్నాళ్ళు తిండి లేకుండా ఉన్నాడో అతను చెప్పినదానితో సరిపోయింది. ప్రభుత్వాలు కాగితం మీద ఎక్కడా రాయకుండా దాచినది అతని వెంట్రుకలో నమోదై ఉంది.

సరే, అమెరికాలో కేసు వేశాడు. ఏమైంది? ఇక్కడ రెండో చిక్కుముడి వస్తుంది, స్టేట్ సీక్రెట్స్ అనే సూత్రం. ఈ కేసు నడిస్తే దేశ రహస్యాలు బయటపడతాయి అని ప్రభుత్వం అఫిడవిట్ వేస్తే చాలు, కేసు మొత్తం కొట్టేయవచ్చు. 2006లో కింది కోర్టు కొట్టేసింది, 2007లో అప్పీలు కోర్టు అదే అంది, సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. అప్పటికి ఆ కథ ప్రపంచంలో ప్రతి పేపర్లో వచ్చేసింది. అందరికీ తెలిసిన సంగతి కోర్టుకు మాత్రం రహస్యం.

ఈ సూత్రం ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. 1948లో అమెరికా వాయుసేన బీ-29 విమానం కూలి తొమ్మిది మంది పోయారు. చనిపోయినవారిలో పౌరులైన ఇంజనీర్ల భార్యలు నష్టపరిహారం కోసం కేసు వేసి ప్రమాద నివేదిక అడిగితే, అందులో సైనిక రహస్యాలున్నాయని ప్రభుత్వం అంది. సుప్రీంకోర్టు ఆ నివేదికను తెరిచి చూడకుండానే 1953లో ప్రభుత్వం మాట నమ్మింది. దాదాపు 50 ఏళ్ళ తర్వాత ఆ నివేదిక బయటికి వచ్చింది. ప్రభుత్వం చెప్పినట్టు అందులో రహస్య పరికరాల వివరాలేమీ లేవు, విమానం నిర్వహణలో నిర్లక్ష్యం గురించి ఉంది. ఎల్‌మస్రీ కేసును కొట్టేసిన సూత్రం నిలబడింది ఆ తీర్పు మీదే.

చివరికి అతనికి న్యాయం దొరికింది యూరప్‌లో. 2012 డిసెంబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, స్కోప్యే ఎయిర్‌పోర్టులో సీఐఏ చేసింది చిత్రహింసేనని తేల్చి, 60,000 యూరోలు ఇవ్వమని మాసిడోనియాను ఆదేశించింది. అమెరికా మీద ఆ కోర్టుకు అధికారం లేదు కాబట్టి సహకరించిన చిన్న దేశమే బోనులో నిలబడింది. 2018లో మాసిడోనియా క్షమాపణ చెప్పింది.

ఇంకో దేశం జైలుకు పంపే పద్ధతి మీదా ఒక మాట. చిత్రహింసలకు గురయ్యే ప్రమాదం ఉన్నచోటికి ఎవరినీ పంపకూడదని ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మూడో అధికరణం స్పష్టంగా అంటుంది, అమెరికా 1994లో దానికి కట్టుబడింది. మరి సిరియాకు ఎలా పంపారు? హామీ తీసుకున్నాం అన్నారు. కొట్టం అని సిరియా మాట ఇచ్చిందట. 2002 సెప్టెంబర్‌లో మాహెర్ అరార్ అనే కెనడా ఇంజనీర్ సెలవుల నుంచి ఇంటికి వెళ్తూ న్యూయార్క్‌లో విమానం మారుతుంటే పట్టుకున్నారు. కెనడా పోలీసులిచ్చిన తప్పుడు సమాచారం ఆధారం. కెనడా పౌరుణ్ణి కెనడాకు పంపకుండా, జోర్డాన్ మీదుగా సిరియాకు పంపారు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గదిలో, సమాధి లాంటిదని అతనే అన్నాడు, పది నెలలకు పైగా ఉన్నాడు. కరెంటు కేబుల్‌తో కొట్టారు. తర్వాత కెనడాలో జస్టిస్ డెనిస్ ఓకానర్ కమిషన్ అతని మీద ఏ ఆధారమూ లేదని 2006లో తేల్చింది. 2007 జనవరిలో ప్రధాని హార్పర్ క్షమాపణ చెప్పి కోటీ ఐదు లక్షల కెనడా డాలర్లు ఇచ్చారు. అమెరికా కోర్టుల్లో మాత్రం అరార్‌కూ తలుపు తెరుచుకోలేదు.

హామీలన్నీ ఉత్తివే అని నేను అనడం లేదు. అబూ సలేంను 2005లో పోర్చుగల్ మనకు అప్పగించినప్పుడు ఉరిశిక్ష వేయం, 25 ఏళ్ళకు మించి జైల్లో ఉంచం అని మన ప్రభుత్వం రాసిచ్చింది. ఆ మాటకు కట్టుబడాల్సిందేనని 2022లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అది అందరికీ తెలిసిన హామీ, తప్పితే కోర్టుకు వెళ్ళి అడగగలిగిన హామీ. సిరియా గూఢచారి సంస్థ చెవిలో చెప్పిన మాటను ఎవరు, ఎక్కడ అమలు చేయిస్తారు? అదే చిత్రహింసల ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసి ఇప్పటిదాకా ఆమోదించలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పురూలియా ఆయుధాల కేసు నిందితుణ్ణి ఇవ్వమంటే, ఇక్కడ చిత్రహింసల ప్రమాదం ఉందని డెన్మార్క్ కోర్టులు 2011లో ఒకసారి, 2024లో మరోసారి కాదన్నాయి.

ఇంత చేసినా దాడులు ఆగాయి కదా, ప్రాణాలు నిలిచాయి కదా అంటారు కొందరు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. 3,000 మంది చనిపోయిన ఊళ్ళో కూర్చుని మరో దాడి రేపా ఎల్లుండా అని టెన్షన్ పడినవాళ్ళను తేలిగ్గా తీసిపారేయలేం. కాబట్టి ఫలితాలే చూద్దాం. అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ సీఐఏ సొంత కాగితాలే లక్షల పేజీలు చదివి 2014 డిసెంబర్‌లో సారాంశం విడుదల చేసింది. సీఐఏ నిర్బంధించిన 119 మందిలో కనీసం 26 మందిని, సీఐఏ సొంత నియమాల ప్రకారమే, పట్టుకోకూడదు. ఈ పద్ధతుల వల్లే సాధించామని సీఐఏ ఎక్కువగా చెప్పుకున్న 20 ఉదాహరణలను ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏ ఒక్కటీ నిలబడలేదు. ఈ హింస పద్ధతులను తయారు చేసిన ఇద్దరు మానసిక శాస్త్రవేత్తల కంపెనీకి 8 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించారు. సీఐఏ ఈ నిర్ధారణలను ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఇబ్న్ అల్‌షేక్ అల్‌లిబీ కథ ఒక్కటి చాలు నాకు. అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో దొరికాడు. ఎఫ్‌బీఐ వాళ్ళు మామూలు పద్ధతిలో మాట్లాడుతుంటే చెబుతున్నాడు. సీఐఏ అతన్ని వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని ఈజిప్టు పంపింది. అక్కడి దెబ్బలకు, వాళ్ళు వినాలనుకున్నది చెప్పేశాడు: ఇరాక్ అల్‌ఖైదాకు రసాయన ఆయుధాల్లో శిక్షణ ఇచ్చిందని. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ప్రపంచం ముందు చెప్పిన వాదనలో ఆ మాట ఉంది. నెలన్నరలో ఇరాక్ మీద యుద్ధం. 2004లో అల్‌లిబీ అదంతా అబద్ధమన్నాడు, సీఐఏ ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే బాగ్దాద్ పడిపోయి ఏడాది అవుతోంది.

శిక్షలు పడ్డాయా అంటే, ఇటలీలో పడ్డాయి, కాగితం మీద. 2003 ఫిబ్రవరిలో మిలాన్ వీధిలో అబూ ఒమర్ అనే ఇమామ్‌ను పట్టపగలు ఎత్తుకుపోయి ఈజిప్టు పంపారు. అప్పటికే ఇటలీ పోలీసులు అతని మీద నిఘా పెట్టి కేసు కడుతున్నారు, ఈ కిడ్నాప్ ఆ పనిని చెడగొట్టింది. ప్రాసిక్యూటర్ అర్మాండో స్పటారో బృందం మొబైల్ ఫోన్ రికార్డులు, హోటల్ బిల్లులు పట్టుకుని ఒక్కొక్కరినీ లాగింది. 2009లో 23 మంది అమెరికన్లకు వాళ్ళు లేకుండానే శిక్ష పడింది. అమెరికా ఎవరినీ అప్పగించలేదు. అమెరికాలో ఈ జైళ్ళ హింసకు ఒక్క సీఐఏ అధికారి మీదా కేసు పెట్టలేదు. 2005లో ఖైదీల విచారణ వీడియో టేపులు 92 ధ్వంసం చేస్తే, దానికీ ఎవరి మీదా కేసు లేదు.

2009 జనవరిలో ఒబామా సీఐఏ జైళ్ళను మూసేశాడు. హామీ తీసుకుని ఇంకో దేశానికి పంపే దారిని మాత్రం పూర్తిగా మూయలేదు.

మళ్ళీ మేనమామ దగ్గరికి వస్తాను. ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను రహస్య జైల్లో 183 సార్లు వాటర్‌బోర్డింగ్ చేశారు, అంటే మొహం మీద గుడ్డ కప్పి నీళ్ళు పోసి ఊపిరాడకుండా చేయడం. దాని తర్వాత అతను చెప్పిన ఏ మాటను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలి, ఏది పెట్టకూడదు? గ్వాంటనామో సైనిక కోర్టులో 2012 మే నుంచి ఇదే వాదన. జడ్జీలు మారారు, లాయర్లు మారారు, అసలు విచారణ మాత్రం మొదలవలేదు. 2024 జులైలో, నేరం ఒప్పుకుంటే ఉరి తప్పించే ఒప్పందం కుదిరింది, రెండు రోజులకే రక్షణ మంత్రి దాన్ని రద్దు చేశాడు. 2025 జులైలో అప్పీలు కోర్టు ఆ రద్దును సమర్థించింది. మృతుల కుటుంబాల్లో కొందరు ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించారు, కొందరు ఇలాగైనా అతని నోట నేరం ఒప్పుకోవడం విందామనుకున్నారు. పిల్లల్ని పోగొట్టుకుని 2001 నుంచి ఎదురుచూస్తూ, ఏ తీర్పూ వినకుండానే కన్నుమూసిన తల్లిదండ్రులు ఉన్నారు.